నీళ్లు పోసిన కంప్యూటర్

వేగం పెరగాలి, వేడి దిగాలి, చప్పుడు మాత్రం వినపడకూడదు. ఈ మూడూ ఒక్క డబ్బాలో కుదురుతాయా? ఇంట్లో తొలిసారి వాటర్ కూలింగ్ కంప్యూటర్ బిగించుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ వారం ముఖచిత్ర కథనం.

ఇస్త్రీ పెట్టె అడుగు కొలిచి చూడండి. అటూఇటూగా 200 చదరపు సెంటీమీటర్లుంటుంది. వెయ్యి వాట్ల పెట్టె అయితే చదరపు సెంటీమీటరుకు 5 వాట్లన్నమాట. ఆ మాత్రానికే పట్టుచీర కాలిపోతుంది, వేలు తగిలితే బొబ్బ లేస్తుంది. ఏఎండీ రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లలో లెక్కలు చేసే సిలికాన్ ముక్క ఒక్కోటీ దాదాపు 70 చదరపు మిల్లీమీటర్లు. బొటనవేలి గోటికన్నా చిన్నది. అందులోంచి 100 వాట్లు బయటికొస్తే చదరపు సెంటీమీటరుకు 140 వాట్లు దాటినట్టే. ఇస్త్రీ పెట్టెకు దగ్గర దగ్గర ముప్పై రెట్లు. దీన్ని ఎప్పటికప్పుడు లాగెయ్యకపోతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ రైజెన్లకు 95 డిగ్రీల దగ్గర గీత గీసి ఉంటుంది, ఇంటెల్‌వాటిలో చాలావాటికి 100 దగ్గర.

వేడిని లాగడానికి అందరూ వాడేది రాగి, అల్యూమినియం రేకుల దిమ్మె, దానికి బిగించిన ఫ్యాను. వేడి పెరిగేకొద్దీ ఫ్యాను గొంతు పెంచుతుంది. నా పేచీ ఆ గొంతుతోనే. రాత్రిళ్లు ఇంట్లో కథలు చదివి రికార్డు చేసుకోవడం నాకు అలవాటు. మైకు ముందు కూర్చున్నానంటే సీలింగ్ ఫ్యాను ఆపాలి, ఏసీ ఆపాలి. ఇక గదిలో మిగిలేది కంప్యూటర్ హోరు ఒక్కటే. హైదరాబాద్‌లో మే నెల రాత్రి మనిషి చెమటలు కక్కుతూ కూర్చుంటే, పక్కనున్న డబ్బాకు మాత్రం మూడు ఫ్యాన్లు విసురుతుంటాయి. ఈ దర్జా దానికెందుకు అనిపించిన రోజునే వాటర్ కూలింగ్ గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ పనిలో వేగం తేలిక, చల్లదనం ఫరవాలేదు, అసలు విద్యంతా చప్పుడు తగ్గించడంలోనే ఉంది.

సెలెరాన్ రోజులు

కంపెనీ రాసిచ్చిన వేగాన్ని మించి చిప్‌ను నడపడమే ఓవర్‌క్లాకింగ్. ఇప్పుడది సరదా, ఒకప్పుడది పొదుపు. 1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఒక చవకరకం ప్రాసెసర్ తెచ్చింది. మదర్‌బోర్డు బస్సు వేగం 66 మెగాహెర్ట్జ్, దాన్ని నాలుగున్నరతో హెచ్చవేస్తే 300. నాలుగున్నరకు కంపెనీ తాళం వేసింది గానీ 66ను మార్చుకునే దారి బోర్డులోనే ఉంది. దాన్ని 100 చేస్తే ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్‌తో పరిగెత్తేది. అబిట్ బీహెచ్6 బోర్డు ఉన్నవాళ్లకు జంపర్లు పీకి పెట్టే శ్రమ కూడా లేదు, బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి అంకె మార్చడమే. పెంటియం 2లో 450 రకం కూడా అదే నెలలో వచ్చింది, ధర మాత్రం దీనికి ఎన్నో రెట్లు. సెలెరాన్‌లో క్యాష్ 128 కేబీయే అయినా అది ప్రాసెసర్‌తో సమానంగా పరిగెత్తేది కాబట్టి చాలా పనుల్లో చవకది ఖరీదైనదాని పక్కన నిలబడేది. సగానికి సగం వేగం ఉచితం.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచింది ఆ ఏడాది నవంబరులోనే. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునే కుర్రాళ్లలో బ్రాండెడ్ కంప్యూటర్ కొనగలిగినవాళ్లు ఎందరుంటారు? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో భాగాలు విడివిడిగా కొని బిగించుకున్న అసెంబుల్డ్ పీసీలదే రాజ్యం. సెలెరాన్ కిటుకు నోటిమాటగా పాకిపోవడానికి అంతకన్నా మంచి నేల ఎక్కడ దొరుకుతుంది?

ఆ ఉచిత భోజనం ఎక్కువకాలం సాగలేదు. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ దానికి కావలసిన వోల్టేజీ తగ్గుతుంది, కాబట్టి అదే చోట ఎన్ని ఎక్కువ కూర్చినా వేడి పెరగదని 1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్ బృందం లెక్కగట్టి చెప్పింది. ముప్పై ఏళ్లపాటు పరిశ్రమ ఆ మాట మీదే బతికింది. 2000 దశకం మధ్యకొచ్చేసరికి వోల్టేజీ ఇక దిగనని మొండికేసింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న ఇంటెల్ 2004 అక్టోబరులో చేతులెత్తేసింది. అప్పటి సీఈవో క్రెయిగ్ బారెట్ ఒక సదస్సు వేదిక మీద, సగం సరదాకే అనుకోండి, మోకాళ్ల మీద కూర్చుని మన్నించమన్నాడు.

వెనకున్న లెక్క చిన్నదే. చిప్ మింగే కరెంటు క్లాకు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచాలంటే వోల్టేజీ కూడా 10 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి, వేడి 33 శాతం ఎక్కువవుతుంది. పది కొనుక్కోవడానికి ముప్పై మూడు చెల్లించడమన్నమాట. పైగా ఇప్పటి కంపెనీలు చిప్‌లో దాగిన సత్తువను మనకు మిగల్చడం లేదు. ఇంటెల్ కోర్ ఐ9-14900కేఎస్ పెట్టెలోంచి తీసిన వెంటనే 6.2 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకుతుంది. రికార్డుల పోటీల్లో ఇలాంటి చిప్‌లను ద్రవ హీలియంతో గడ్డకట్టించి 9 గిగాహెర్ట్జ్ దాటించారు. అది సర్కస్, ఇంట్లో చేసేది కాదు.

నీళ్లేం చేస్తాయి?

నీళ్లు పోస్తే చల్లబడుతుందని చాలామంది నమ్మకం. మంట మీద నీళ్లు చల్లే అలవాటున్న జాతి కదా మనది. ఇక్కడ నీళ్లు వేడిని ఆర్పవు, మోసుకెళ్తాయి. ప్రాసెసర్ నెత్తిన రాగి బ్లాకు కూర్చుంటుంది. దాని లోపల వెంట్రుకల్లాంటి సన్నని గాళ్లుంటాయి. వాటిలోంచి పారిన నీళ్లు వేడిని పుచ్చుకుని ట్యూబు గుండా రేడియేటర్‌కు చేరతాయి. అక్కడ ఫ్యాన్ల గాలికి వేడిని వదిలేసి మళ్లీ బ్లాకు దగ్గరికి వస్తాయి. వేడి ఎక్కడికీ పోలేదు, ప్రాసెసర్ మీంచి మీ గదిలోకి వచ్చింది, అంతే.

మరి లాభమేమిటి? అంతే పరిమాణమున్న గాలితో పోలిస్తే నీళ్లు దాదాపు మూడున్నర వేల రెట్లు ఎక్కువ వేడిని పట్టుకుంటాయి. దానివల్ల రెండు సుఖాలు. ఒకటి, చోటు. ప్రాసెసర్ చుట్టూ ఉన్న ఇరుకులోనే వేడి దించక్కర్లేదు. క్యాబినెట్ నెత్తిన మూడు ఫ్యాన్లు పట్టే పెద్ద రేడియేటర్ దాకా మోసుకెళ్లి తీరిగ్గా దించుకోవచ్చు. రెండోది వ్యవధి, చప్పుడు విషయంలో ఇదే కీలకం. నీళ్లు తిరిగే ఈ దారిలో, అంటే లూపులో, లీటరు నీళ్లున్నాయనుకుందాం. 300 వాట్ల వేడి పడితే, రేడియేటర్ అసలేమీ చెయ్యకపోయినా, ఆ నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కడానికి 14 సెకన్లు పడుతుంది. కిలో రాగి దిమ్మె అయితే సెకనున్నర కూడా పట్టదు. బ్రౌజర్‌లో కొత్త పేజీ తెరవగానే ఎయిర్ కూలర్ ఫ్యాను గుర్రుమని లేచి, అయిదు సెకన్లకు పడుకుని, మళ్లీ లేవడం చాలామంది ఎరుగుదురు. ఎడతెగని హోరుకన్నా ఈ లేచి పడే గోల చెవికి ఎక్కువ బాధ. నీళ్ల లూపులో ఫ్యాన్లను ప్రాసెసర్ వేడికి కాకుండా నీళ్ల వేడికి ముడిపెట్టాలి. అందుకు ఒక చిన్న సెన్సర్, దాన్ని చదవగల ఫ్యాన్ కంట్రోలర్ చాలు. ప్రాసెసర్ ఎంత గంతులేసినా నీళ్లు నింపాదిగానే ఉంటాయి, వాటిని చూసి తిరిగే ఫ్యాన్లూ నింపాదిగానే ఉంటాయి. వాటర్ కూలింగ్ పెట్టుకుని కూడా ఈ ఒక్క పని చెయ్యనివాళ్లు డబ్బంతా పోసి సగం ఫలమే పొందుతున్నారు.

ఫ్యాన్ల లెక్క కూడా చెప్పుకోవాలి. ఫ్యాను వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అదే రకం ఫ్యాన్లు ఒకటికి మూడు పెడితే పెరిగేది 5 డెసిబెల్స్ లోపే. అంటే నిమిషానికి 1800 చుట్లు తిరిగే ఒక్క ఫ్యాను తీసేసి 600 చుట్లు తిరిగేవి మూడు పెట్టుకుంటే, కదిలే గాలి కాగితం మీద అంతే, చప్పుడు దాదాపు 19 డెసిబెల్స్ తక్కువ. పది తగ్గితేనే చెవికి సగమైనట్టుంటుంది. రేడియేటర్ పెద్దదైతే ఎందుకు మంచిదో, ఈ వ్యవహారమంతా ఎందుకు అంత చోటు తింటుందో ఈ ఒక్క లెక్కలో ఉంది.

ఇదేమీ నిన్నటి ఆలోచన కాదు. 1960ల్లో ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 91 నీళ్లతోనే నడిచింది. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్ బోర్డులను ఏకంగా కరెంటు పారని ద్రవంలో ముంచేశారు. ఇళ్లలోకి ఇది దిగింది 2000 ప్రాంతంలో. అప్పట్లో దీనికోసం ప్రత్యేకంగా భాగాలు అమ్మే దుకాణాలు వేళ్ల మీద లెక్కపెట్టాలి. అమెరికాలో, ఐరోపాలో ఔత్సాహికులు పాత కార్ల హీటర్లలోంచి చిన్న రేడియేటర్లు పీకారు, చేపల తొట్టి పంపులు తెచ్చారు, రాగి దిమ్మెకు ఇంట్లోనే గాళ్లు తవ్వుకున్నారు. 2004లో యాపిల్ తన పవర్ మాక్ జీ5లోని పై రకాన్ని ద్రవంతో చల్లబరిచే పద్ధతిలో అమ్మింది. వాటిలో కొన్ని తర్వాత కారాయి కూడా.

సీటీసీ మెట్లెక్కి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. సీటీసీ అంటే చాలు. అక్కడ ఒక కౌంటర్లో నేను కొనాల్సిన భాగాల చిట్టా చూసిన అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు.

“ఎందుకన్నా ఇంత తిప్పల? మూడు ఫ్యాన్ల ఏఐఓ తీస్కో. గంటల బిగిస్తం, తీస్కపో.”

“లేదు తమ్ముడూ, విడి భాగాలే కావాలి.”

“మల్ల కారితే నన్నడగొద్దు.”

అతను చెప్పింది నూటికి తొంభైమందికి సరైన సలహా. ఏఐఓ అంటే ఫ్యాక్టరీలోనే నీళ్లు నింపి సీలు వేసిన లూపు. పంపు, బ్లాకు, ట్యూబులు, రేడియేటర్ అన్నీ కలిసే వస్తాయి. నాలుగు స్క్రూలతో పని అయిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. రేడియేటర్‌లో కొంచెం గాలి ఎప్పుడూ ఉంటుంది, గాలి పైకే పోతుంది. కాబట్టి పంపు ఉన్న భాగం మొత్తం లూపులో అన్నిటికన్నా పైన ఉండకూడదు. ఉంటే పంపులోకి గాలి చేరి గరగరలాడుతుంది. ఆ గరగర కోసమా మనం ఇంత ఖర్చు పెట్టింది?

ఇంకా నిజం చెప్పాలంటే మంచి ఎయిర్ కూలర్ చాలామందికి ఎక్కువే. ఆస్ట్రియాకు చెందిన నాక్చువా ఎన్‌హెచ్-డీ15 లాంటి రెండు గోపురాల దిమ్మె చిన్న ఏఐఓలకు ఏమాత్రం తీసిపోదు. అందులో పాడవడానికి ఉన్నది ఫ్యాను ఒక్కటే. పంపు లేదు, కారేది లేదు. విడి భాగాల లూపుకు, అంటే కస్టమ్ లూపుకు, దిగాలంటే బలమైన కారణం ఉండాలి. గ్రాఫిక్స్ కార్డును కూడా నీళ్ల కిందికి తేవాలనుకోవడం అలాంటి కారణం. ప్రాసెసర్‌కన్నా ఎక్కువ వేడి పుట్టించేదీ, ఎక్కువ గోల చేసేదీ అదే. చేతులు ఊరుకోకపోవడం రెండో కారణం. ఖర్చు ఏఐఓకి నాలుగైదు రెట్లవుతుందని ఇంట్లో ముందే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు.

కొనేటప్పుడు తొలిసారివాళ్లు చూడాల్సింది లోహం. బ్లాకు రాగిదై రేడియేటర్ అల్యూమినియందైతే, రెంటి మధ్యా నీళ్లు పారుతుంటే, అది బ్యాటరీలాగే పనిచేసి అల్యూమినియం తినుకుపోతుంది. రాగి, ఇత్తడి, నికెల్ పూత, ఈ కుటుంబంలోనే ఉండిపోవాలి. ట్యూబుల్లో గాజులా మెరిసే గట్టివి ఫొటోల్లో బాగుంటాయి, వంచడానికి వేడిగాలి తుపాకీ, ఓపిక రెండూ కావాలి. మెత్తటి పారదర్శక ట్యూబులు కొన్నాళ్లకు మసకబారతాయి. ఈపీడీఎం అనే నల్లరబ్బరు ట్యూబు చూడటానికి కారు బానెట్ కింది పైపులా ఉంటుంది, ఏళ్ల తరబడి మాట్లాడకుండా పనిచేస్తుంది. నేను దానికే ఓటేశాను.

పంపుల్లో ఎక్కువమంది నమ్మేది డీ5. లైంగ్ సంస్థ రూపొందించిన ఈ రకంలో తిరిగే భాగం గోళాకారంలో ఉండి ఒక సిరామిక్ గుండు మీద నిలబడుతుంది. దానికి నూనె, గ్రీజు అన్నీ ఆ పారే నీళ్లే. అందుకే పొడిగా ఒక్క నిమిషం కూడా తిప్పకూడదు. నీళ్లు నిలవుండే రిజర్వాయరు ఎప్పుడూ పంపుకు పైనే ఉండాలి. పంపును నేరుగా క్యాబినెట్ రేకుకు బిగిస్తే దాని సన్నని ఝుంకారం మొత్తం రేకంతా పాడుతుంది. కింద మెత్తటి రబ్బరో స్పాంజీయో వేస్తే ఆ పాట అక్కడే ఆగుతుంది. నిశ్శబ్దం కావాలంటే ఇలాంటి చిల్లర పనులే ఎక్కువ. పాత హార్డ్ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టుకోవడం, తక్కువ లోడులో ఫ్యాను ఆపేసుకునే ఎస్ఎంపీఎస్ ఎంచుకోవడం, క్యాబినెట్‌కు దుమ్ముజాలీలు బిగించడం ఈ కోవలోవే. మన ఊళ్ల దుమ్ముకు జాలీ లేకపోతే రేడియేటర్ రేకుల మధ్య ఆర్నెల్లలో దుప్పటి పరుచుకుంటుంది.

ఇక నీళ్లు. బోరు నీళ్లు వద్దు, కుళాయి నీళ్లు వద్దు, ఆర్వో నీళ్లూ వద్దు. ఆర్వోలోనూ లవణాలు మిగిలే ఉంటాయి, కొన్ని యంత్రాలైతే రుచికోసం మళ్లీ కలుపుతాయి. కావలసింది డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టరు బ్యాటరీలో పోసేదే, బ్యాటరీల దుకాణంలో క్యాను దొరుకుతుంది. సీసా మీద చదివి తీసుకోవాలి, అదే అరల్లో ఆసిడ్ కలిపినవీ ఉంటాయి. దానికి తుప్పు పట్టనివ్వని మందు, పాచి పట్టనివ్వని మందు కలపాలి. ఆ మందులు కొలత ప్రకారం కలిపి అమ్మే కూలెంటు కొనుక్కున్నా సరే.

బిగించే రోజు

కొత్త రేడియేటర్ లోపల టంకం వేసినప్పటి చెత్త ఉంటుంది. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ పోసి, ఊపి, పారబోసి, తేటగా వచ్చేదాకా కడగాలి. ఈ ఒక్క అడుగు దాటేసినవాళ్ల బ్లాకుల్లో సన్నని గాళ్లు పూడుకుపోతాయి. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు బఠాణీ గింజంత చాలు. ట్యూబు కోత వంకరగా ఉండకూడదు, కత్తెర వదిలేసి దాని కోసమే అమ్మే కట్టర్ వాడాలి. ఫిట్టింగుల మరలు చేత్తోనే బిగించాలి. నీళ్లను ఆపేది లోపలి రబ్బరు రింగు, మన భుజబలం కాదు. పానా పట్టి బిగిస్తే ఆ రింగే నలిగి కారుతుంది.

ఏ భాగం తర్వాత ఏ భాగం రావాలన్న చర్చలో కుర్రాళ్లు రాత్రిళ్లు గడిపేస్తారు. ప్రాసెసర్ తర్వాత గ్రాఫిక్స్ కార్డా, మధ్యలో రేడియేటరా? నిమిషానికి నాలుగు లీటర్లు పారుతుంటే 300 వాట్ల బ్లాకు దాటిన నీళ్లు ఎక్కే వేడి ఒక డిగ్రీ చిల్లర. లూపంతా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది. ట్యూబులు ఎలా పొందిగ్గా వస్తే అలా కలపండి.

నీళ్లు నింపేటప్పుడు కంప్యూటర్‌కు కరెంటు ఇవ్వకూడదు, పంపుకు మాత్రమే ఇవ్వాలి. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే 24 పిన్నుల తలలో 16వ పిన్నును పక్కనున్న గ్రౌండుతో కలిపితే అది మదర్‌బోర్డు లేకుండానే మేల్కొంటుంది. దీనికోసమే చిన్న జంపర్ ప్లగ్గులు అమ్ముతారు. బోర్డుకూ కార్డుకూ వెళ్లే తీగలన్నీ విడిగా పెట్టి, ప్రతి ఫిట్టింగు కింద తెల్ల టిష్యూ కాగితం పరచి, రిజర్వాయరు నింపి, పంపును అయిదు సెకన్లు తిప్పి ఆపాలి. మట్టం పడిపోతుంది. మళ్లీ పోయాలి. లోపల గులకరాళ్లు దొర్లినట్టు గాలి బుడగలు పరిగెడతాయి. క్యాబినెట్‌ను అటూ ఇటూ వాలుస్తుంటే అవి ఒక్కొక్కటీ పైకి తేలతాయి. టిష్యూ మీద ఒక్క చుక్క కనిపించినా అక్కడే ఆగాలి. తొందర లేనివాళ్లు ఒక రోజంతా పంపునొక్కదాన్నే తిరగనిస్తారు. డిస్టిల్డ్ వాటర్ కరెంటును పారనివ్వదు కదా అని ధైర్యం చెప్పేవాళ్లుంటారు. సీసాలో ఉన్నంతసేపే ఆ మాట నిజం. లోహాల మీద నాలుగు చుట్లు తిరిగాక, బోర్డు మీది దుమ్మును తాకాక అది కూడా మామూలు నీళ్లే. కరెంటు లేని బోర్డు మీద పడితే తుడిచి పూర్తిగా ఆరబెట్టి వాడుకోవచ్చు, ఉన్నప్పుడు పడితే మాత్రం హామీ లేదు. మా ఇంట్లో ఆ రోజు ఆ గది వైపు ఎవరూ రాలేదు. వంటింట్లోంచి “ఏమండీ, ఇంతకీ కంప్యూటర్ కింద బకెట్ పెట్టాలా?” అన్న ప్రశ్న మాత్రం వచ్చింది.

వోల్టేజీ దించి వేగం పెంచడం

ఇప్పుడు బయోస్‌లోకి వెళ్దాం. పాతకాలం పద్ధతిలో గుణకాన్ని ఒక్కో మెట్టు, అంటే 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచి పరీక్షించాలి, తడబడితే వోల్టేజీ కొంచెం పెంచాలి. ఇంటెల్‌లో కే అక్షరం ఉన్న రకాల్లో గుణకం తాళం తీసి ఉంటుంది, రైజెన్‌లో దాదాపు అన్నిటికీ తీసే ఉంటుంది. ఒకే పేరున్న రెండు చిప్‌లు ఒకేలా పరిగెత్తవు, ఎవరికి మంచిది దక్కిందో వాళ్ల అదృష్టం.

నా అభిప్రాయంలో నేటి చిప్‌లకు దీనికన్నా తిరగేసిన దారి మేలు. ఆధునిక ప్రాసెసర్ తన వేడి, తన వోల్టేజీ చూసుకుని ఎంతవరకు ఎక్కాలో తానే నిర్ణయించుకుంటుంది. దానికి వోల్టేజీ కొంచెం తగ్గించి ఇస్తే వేడి తగ్గుతుంది, తగ్గిన వేడి చూసి అది మరో మెట్టు ఎక్కుతుంది. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ పేరుతో ఒక్కో కోర్‌కు విడివిడిగా ఇది చేసుకోవచ్చు. వర్గపు లెక్క ఇప్పుడు మన పక్షాన పనిచేస్తుంది. వోల్టేజీ 5 శాతం దించితే అదే వేగానికి వేడి దాదాపు 10 శాతం తగ్గుతుంది. 170 వాట్ల రైజెన్‌ను 105 వాట్ల ఎకో మోడ్‌లో పెడితే పోయే వేగం కొద్దిగానే, ఫ్యాన్లకు దొరికే విశ్రాంతి చాలా. చప్పుడు లేని యంత్రానికి ఓవర్‌క్లాకింగ్ అంటే ఇదే.

వోల్టేజీతో ఆటలెందుకు వద్దో 2024లో లోకమంతా చూసింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని కారణం తెలియకుండా కూలబడుతుంటే, మైక్రోకోడ్ లోపం వల్ల వాటికి అవసరానికి మించిన వోల్టేజీ అందుతోందని కంపెనీ తేల్చింది. ఆగస్టులో దిద్దుబాటు విడుదల చేసింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. వేడికి చిప్ తనను తాను కాపాడుకుంటుంది గానీ వోల్టేజీ చేసే హాని వెంటనే కనపడదు, తిరిగీ రాదు.

పరీక్షకు ప్రైమ్95 ఇప్పటికీ పెద్దదిక్కు. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేటకోసం 1996లో మొదలైన ప్రాజెక్టులోది ఈ సాఫ్ట్‌వేర్. లెక్కలో ఒక్క అంకె తప్పినా పట్టేస్తుంది కాబట్టి ఓవర్‌క్లాకర్లు దీన్ని అగ్నిపరీక్షగా వాడుకున్నారు. 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో ఒక లోపాన్ని బయటపెట్టింది కూడా ఇదే. అయితే వోల్టేజీ దించిన చిప్‌కు బరువు పనికన్నా ఖాళీ సమయం కష్టం. పూర్తి లోడులో గంటలు నిలబడ్డది, అర్ధరాత్రి పనేమీ లేనప్పుడు చటుక్కున ఆగిపోవచ్చు. అందుకే బరువు పరీక్ష గట్టెక్కాక కూడా వారం పాటు మామూలు పనులు చేస్తూ గమనించాలి.

మే నెల లెక్క

వాటర్ కూలింగ్ మీద వచ్చే రాతలు చాలావరకు చలిదేశాలవి. గది 21, 22 డిగ్రీలుంటుందని వాళ్ల ధీమా. రేడియేటర్ ఎంత పెద్దదైనా నీళ్లు గది వేడికన్నా కిందికి దిగవు. ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పే లూపులో నీళ్లు గదికన్నా 10 డిగ్రీలు పైన ఉంటాయనుకుందాం, ప్రాసెసర్ నీళ్లకన్నా 35 పైన. ఏసీ గదిలో 27 ఉంటే ప్రాసెసర్ 72 దగ్గర హాయిగా ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే మధ్యాహ్నం ఏసీ లేని గది 40 చేరితే నీళ్లు 50, ప్రాసెసర్ 85. ప్రాసెసర్‌కు భయం లేదు, నీళ్లకే భయం. డీ5 లాంటి పంపులకు నీళ్ల వేడి హద్దు 60 డిగ్రీలు. పీఈటీజీ రకం గట్టి ట్యూబులు ఆ ప్రాంతంలోనే మెత్తబడి ఫిట్టింగుల నుంచి జారే ప్రమాదం ఉంది. మన ఎండలకు రబ్బరు ట్యూబే పెద్దమనిషి అనడానికి ఇదీ ఒక కారణం.

మరి రిజర్వాయరులో ఐసుముక్కలు వేస్తే? ఈ ఆలోచన రానివాళ్లుండరు. విశాఖలో ఉక్కపోత సాయంత్రాల్లో 25 డిగ్రీలకన్నా చల్లనిదేదైనా బయట పెడితే దాని ఒంటికి నీళ్లు పడతాయి. అది శీతల పానీయం సీసా అయితే సరదా, మదర్‌బోర్డు మీది బ్లాకు అయితే షార్ట్. మామూలు లూపులో నీళ్లు ఎప్పుడూ గదికన్నా వెచ్చగానే ఉంటాయి కాబట్టి ఈ బెడద రాదు. గదిని చల్లబరిచే ఎయిర్ కూలర్ తిరుగుతున్నా రాదు, తుంపరలు నేరుగా క్యాబినెట్ మీద పడకుండా చూసుకుంటే చాలు.

ఇక కరెంటు లెక్క. 400 వాట్లు లాగే యంత్రం అయిదు గంటలు పనిచేస్తే రెండు యూనిట్లు. ఆ వేడంతా గదిలోకే వస్తుంది, ఒకటిన్నర టన్నుల ఏసీ సత్తువలో 8 శాతం దీనికే పోతుంది. నిశ్శబ్దంగా వచ్చినంత మాత్రాన వేడి తగ్గిపోదు.

విశాఖ మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతానని ప్రకటించింది. నీళ్లెన్ని తాగుతుందన్న చర్చ ఆ వెంటనే మొదలైంది. ఆ చర్చలో రెండు రకాల నీళ్లు కలిసిపోతున్నాయి. ఏఐ చిప్‌లను తాకే నీళ్లు మన ఇంటి లూపులోలాగే మూసిన దారిలో తిరిగేవి, అవి ఖర్చు కావు. ఎన్విడియా జీబీ200 బీరువా ఒక్కోటీ 120 కిలోవాట్ల వేడి చిమ్ముతుంది, ఫ్యాన్లతో అది అయ్యే పని కాదు. ఆ వేడిని చివరికి బయటి గాలిలోకి వదిలేటప్పుడు కొన్ని కేంద్రాలు నీళ్లను ఆవిరి చేస్తాయి. ఊళ్లో నీళ్లు తగ్గేది అక్కడ. కాబట్టి ఏ కేంద్రాన్నైనా అడగాల్సిన ప్రశ్న చిప్ దగ్గర నీళ్లు వాడుతున్నారా అని కాదు, వేడిని ఆఖరున ఎలా వదులుతున్నారు, ఏ నీళ్లతో అని.

ఏడాదికోసారి

ఇంటి లూపులో నీళ్లు ఏడాదికోసారి మార్చాలి. లూపు మొత్తంలో అన్నిటికన్నా కింద ఒక చిన్న కుళాయి ముందే పెట్టుకున్నవాళ్లకు అది అరగంట పని. పెట్టుకోనివాళ్లు క్యాబినెట్‌ను తలకిందులు చేసి టబ్బులోకి వంచాల్సి వస్తుంది. బిగించేటప్పుడు ఆ నాలుగొందల రూపాయలు ఆదా చెయ్యకండి. వచ్చే నీళ్లు పచ్చగా ఉంటే పాచి మందు చాలలేదు, నీలంగా ఉంటే రాగి కరుగుతోంది, తెల్లటి జిగురు కనిపిస్తే ట్యూబు తప్పు. తేటగా వస్తే కొత్తవి పోసి, బుడగలు పోగొట్టి, మళ్లీ టిష్యూ పరచి చూసుకోవడమే. ఈ పని ఆదివారం పెట్టుకునేవాళ్లు ఫిట్టింగుల సైజు రబ్బరు రింగులు నాలుగు శనివారమే తెచ్చిపెట్టుకోండి. విప్పిన రింగు మళ్లీ సరిగా కూర్చోకపోతే, సోమవారం దుకాణం తెరిచేదాకా కంప్యూటర్ లేనట్టే.